బిడ్డ లోపల, తల్లి బయట: ఈ ఏర్పాటు మారాలి

సంపాదకులకు,
నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ గురించి పత్రికలో వార్త వస్తే అందులో సాధారణంగా మూడు సంగతులుంటాయి: పుట్టినప్పుడు బరువెంత, వైద్యానికి ఖర్చెంత, చివరికి బతికి ఇంటికెళ్లిందా లేదా. ఆ బిడ్డ వెచ్చగా ఉంచే పెట్టెలో (ఇంక్యుబేటర్‌లో) ఉన్నన్నాళ్లూ తల్లి ఎక్కడ పడుకుంది, ఏం తింది, రోజుకు ఎన్నిసార్లు బిడ్డను తాకగలిగింది అన్నది ఎవరూ రాయరు. ఆమె బయట వరండాలో చాప మీద ఉంటుంది కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. నవజాత శిశు విభాగాల్లో పనిచేసే డాక్టర్లం, నర్సులం, కౌన్సెలర్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం చెప్పదలచింది ఒకటే. జబ్బుపడ్డ పసిబిడ్డ పక్కనే తల్లికి మంచం ఉండాలి. ఆమెను బిడ్డకు జరిగే వైద్యంలో భాగంగా లెక్కించాలి. తండ్రికీ ఆ గుమ్మం తెరిచి ఉండాలి.

"పసికందుకు మనసేమిటి, పాలూ మందులూ సరిగ్గా అందితే చాలదా?" అని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. కడుపులో ఆరో నెల నిండేసరికే బిడ్డకు శబ్దాలు వినిపించడం మొదలవుతుంది. పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డలు పరాయి ఆడమనిషి గొంతు కన్నా తల్లి గొంతునే ఎంచుకుంటారని డికాస్పర్, ఫైఫర్ అనే అమెరికన్ పరిశోధకులు 1980లో ప్రయోగం చేసి చూపించారు. తల్లి పాల వాసనకు తల తిప్పడమూ మొదటి వారంలోనే మొదలవుతుంది. ఇక నొప్పి. నవజాత శిశువులకు నొప్పి పెద్దగా తెలియదన్న నమ్మకంతో 1980ల దాకా చాలాచోట్ల వాళ్లకు సరైన మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. భారతీయ మూలాలున్న డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కూల్చేసింది. నొప్పి తగ్గించే మందు ఇచ్చి ఆపరేషన్ చేసిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ తగ్గాయి.

పసిబిడ్డ తనంతట తాను ఊరడిల్లలేదు. ఏడుపు వచ్చినా, భయం వేసినా, నొప్పి పుట్టినా ఇంకొక మనిషి ఒంటి వేడి, గొంతు, చెయ్యి తగిలితేనే గుండె వేగం దిగుతుంది, ఊపిరి కుదురుకుంటుంది. రోజుకు పదిసార్లు నొప్పి కలిగి ఒక్కసారి కూడా ఎవరూ ఊరడించకపోతే, పసివయసులోనే ఒళ్లు ఎప్పుడూ ఉలికిపాటుతో ఉండటం నేర్చుకుంటుంది. అది నిద్రలో, పాలు తాగడంలో, తర్వాత మనుషుల్ని నమ్మడంలో కనబడుతుంది. పసిపిల్లల మానసిక ఆరోగ్యం అని మేం అంటున్నది దీన్నే.

ఇప్పుడు ఉన్న ఏర్పాటులో లోపం ఎక్కడుందో చూడండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూలు (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు) వచ్చాక వేలాది బిడ్డలు నిలబడ్డారు, అందులో సందేహం లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద జబ్బుపడ్డ నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. దీన్ని తర్వాత ఏడాది వయసు దాకా పొడిగించారు. కానీ అదే పథకంలో తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పు అయితే 3 రోజులు, సిజేరియన్ అయితే 7 రోజులు. 1,200 గ్రాముల బిడ్డ లోపల వారాల తరబడి ఉంటుంది. ఎనిమిదో రోజున తల్లి కాగితాల మీద డిశ్చార్జి అయిపోతుంది. అక్కడి నుంచి ఆమె ఎవరి పేషెంటూ కాదు. కుట్లు ఆరని ఒంటితో, పాలు గడ్డకట్టే రొమ్ములతో, ఊరు వదిలి వచ్చిన బాలింత ఏ మంచం మీద ఉండాలో ఏ రిజిస్టరూ చెప్పదు. బిడ్డను జిల్లా ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పంపితే ఇంకా కష్టం. తల్లి ఒక ఊళ్లో, బిడ్డ ఇంకో ఊళ్లో, మధ్యలో సీసా పట్టుకుని తిరిగే తండ్రి.

ఆమెను లోపలికి రానివ్వకపోవడానికి చెప్పే కారణం ఇన్ఫెక్షన్. కారణం మంచిదే, కానీ ఆధారాలు వేరే చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలతో పాటు ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2021లో వచ్చాయి. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న మూడు వేలకు పైగా పిల్లల్ని రెండు వర్గాలుగా చూశారు. ఒక వర్గం బిడ్డ కుదుటపడేదాకా పెట్టెలో ఉంది. రెండో వర్గంలో పుట్టిన వెంటనే తల్లినీ బిడ్డనూ ఒకే విభాగంలో ఉంచి, తల్లి గుండెల మీదే బిడ్డను పడుకోబెట్టారు. మొదటి 28 రోజుల్లో మరణాలు మొదటి వర్గంలో 15.7 శాతం, రెండో వర్గంలో 12 శాతం. ఇన్ఫెక్షన్ అనుమానం వచ్చిన కేసులూ తల్లితో ఉన్నవాళ్లలోనే తక్కువ. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. తల్లి ఒంటి మీద ఉండే సూక్ష్మజీవులు ఆమె ఇంటివి, బిడ్డకు వాటికి ఎదురుగా పాలలోనే రక్షణ అందుతుంది. ఆసుపత్రిలో ముదిరిన క్రిములు ఎక్కువగా ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు కడుక్కోని చేతుల ద్వారా వెళ్తాయి. కాబట్టి అదుపులో పెట్టాల్సింది చేతుల్ని.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలందరికీ పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ (కేఎంసీ, అంటే బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోవడం) మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వాలని చెప్పింది. సొంతంగా ఊపిరి తీయలేక వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్లు మాత్రం మినహాయింపు. కుటుంబాన్ని సంరక్షణలో భాగం చేయాలని అందులోనే ఉంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2014లో కంగారూ సంరక్షణకు, 2017లో కుటుంబ భాగస్వామ్య సంరక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. రోజుకు ఒక గంట, రెండు గంటలు తల్లిని లోపలికి పిలిచి రిజిస్టర్‌లో "కేఎంసీ ఇచ్చారు" అని రాసుకుంటే ఆ 8 గంటలు ఎప్పటికీ పూర్తి కావు.

ఎలా చేయాలో చదువరులకూ తెలియాలి. తల్లి ముందు తెరుచుకునే జాకెట్టో నైటీయో వేసుకుని, వీపు కింద దిళ్లు పెట్టుకుని సగం వాలి కూర్చోవాలి. పూర్తిగా వెల్లకిలా పడుకోకూడదు. బిడ్డకు టోపీ, సాక్స్, డైపర్ తప్ప ఒంటి మీద ఏమీ ఉండకూడదు. నిలువుగా రెండు రొమ్ముల మధ్య ఉంచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొద్దిగా పైకి ఉండేలా చూడాలి. కాళ్లు కప్ప కాళ్లలా ముడుచుకుని ఉండాలి, చేతులు తల్లి రొమ్ముల మీద. మెత్తటి నూలు గుడ్డతో బిడ్డ చెవి కింది దాకా వచ్చేలా కట్టాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు కట్టు వదులుగా ఉండటం. బిడ్డ కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి దారి మూసుకుంటుంది. ఇంకో పొరపాటు పొట్ట మీద కట్టు బిగించడం, దాంతో బిడ్డ పొట్ట కదలక ఊపిరి కష్టమవుతుంది. కట్టు బిగువు ఛాతీ దగ్గర ఉండాలి. ఒకసారి పెట్టుకుంటే గంటకు తగ్గకుండా ఉంచాలి. పదేసి నిమిషాలు పెట్టి తీస్తుంటే కదిలించడమే ఎక్కువవుతుంది, నిద్ర పాడవుతుంది. ముక్కు గొట్టం ద్వారా పాలు పోస్తున్నా, ఆక్సిజన్ పెట్టినా చేయవచ్చు, తీగలు లాగకుండా నర్సు సాయం చేస్తుంది. బిడ్డ 2,500 గ్రాములకు చేరేదాకా కొనసాగించాలి. ఆ తర్వాత బిడ్డే ఇమడక కదిలి బయటికొస్తుంది.

తల్లికి సిజేరియన్ అయ్యి లేవలేని మొదటి రోజు తండ్రి మొదలుపెట్టాలి. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త ఎవరైనా సరే. స్నానం చేసి, సెంటు, పౌడర్ రాసుకోకుండా, జలుబు, చర్మపు పుండ్లు లేకుండా ఉంటే చాలు. "మగవాడు పసిబిడ్డను గుండెకు కట్టుకోవడమేమిటి" అనే మాట ఇంట్లో వినిపిస్తే, తండ్రి ఛాతీ మీద కూడా బిడ్డ వేడి నిలబడుతుందని చెప్పండి. పురుడు వెళ్లేదాకా మైల అని తల్లిని గదిలో కూర్చోబెట్టే ఇళ్లకు కూడా మా మనవి ఇదే: ఆ పదకొండు రోజులూ బిడ్డకు అన్నిటికన్నా విలువైనవి. పెద్దవాళ్లు ఆ పట్టింపును ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆపితే మేలు.

బిడ్డను ముట్టుకోవడానికీ ఒక పద్ధతుంది. నెలలు నిండని బిడ్డకు ఒళ్లు నిమరడం, తట్టడం హాయిగా ఉండదు, చర్మమూ నరాలూ దానికి సిద్ధంగా ఉండవు. చేతులు 40 నుంచి 60 సెకన్లు సబ్బుతో కడిగి, వెచ్చబరుచుకుని, ఒక అరచెయ్యి తల మీద, ఇంకో అరచెయ్యి ముడిచిన పాదాల మీద ఉంచి కదపకుండా పట్టుకోవాలి. కడుపులో ఉన్నట్టే చుట్టూ ఒక హద్దు దొరికిందని బిడ్డ కుదురుకుంటుంది. ఒకేసారి మాట్లాడటం, ఊపడం, కళ్లలోకి చూడటం అన్నీ చేస్తే తట్టుకోలేదు, ఏదో ఒకటే చేయాలి. వేళ్లు విప్పార్చి చాచడం, వీపు విరుచుకోవడం, వరసగా వెక్కిళ్లు, ఆవులింతలు, తుమ్ములు, ముఖం పక్కకు తిప్పేసుకోవడం, రంగు మారడం ఇవన్నీ "చాలు, ఆపండి" అని చెప్పడం. చేతులు నోటి దగ్గరికి తెచ్చుకోవడం, నెమ్మదైన ఊపిరి, కళ్లు మెరుస్తూ తెరిచి చూడటం "నేను సిద్ధం" అని చెప్పడం. వారం పాటు పక్కనే ఉన్న తల్లి ఈ గుర్తుల్ని పట్టేస్తుంది. రోజుకు ఒక గంట వచ్చే తల్లికి ఆ వీలు ఉండదు, తప్పు ఆమెది కాదు.

మడమ దగ్గర రక్తం తీసేటప్పుడు తల్లిని బయటికి పంపేయడం చాలాచోట్ల అలవాటు. మేం దాన్ని మార్చమంటున్నాం. రక్తం తీయడానికి రెండు నిమిషాల ముందు నాలుక మీద కొద్ది చుక్కలు తల్లిపాలు వేసి, తల్లి చేతులతో పైన చెప్పినట్టు పట్టుకుంటే, లేదా గుండెల మీద ఉన్నప్పుడే తీస్తే ఏడుపు తగ్గుతుంది, గుండె వేగం తొందరగా దిగుతుంది. విభాగంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అంతర్జాతీయ సిఫారసు. పెట్టె మీద పాల సీసా ఠక్కున పెట్టడం, దాని తలుపు గట్టిగా వేయడం, సెల్‌ఫోన్ మోత లోపల ఉన్న బిడ్డకు చెవి పక్కనే పిడుగు. ఆ పెట్టె మీద దుప్పటి కప్పి, రాత్రి లైట్లు తగ్గిస్తే పైసా ఖర్చు లేదు.

పాలు ఈ వ్యవహారంలో గుండెకాయ. బిడ్డ చప్పరించలేకపోయినా కాన్పయిన మొదటి గంటా రెండు గంటల్లోనే, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల లోపు చేత్తో పాలు పిండటం మొదలుపెట్టాలి. బొటనవేలు, చూపుడు వేలు చనుమొనకు మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి నొక్కి వదలాలి. చర్మం మీద వేళ్లు జార్చితే పుండ్లు పడతాయి, పాలు రావు. రోజుకు 8 నుంచి 10 సార్లు పిండాలి, అందులో ఒకసారి అర్ధరాత్రి దాటాక. మొదటి రోజు చుక్కలే వస్తాయి, అవి ముర్రుపాలు, వాటినే దాచి ఇవ్వాలి. మూడు నాలుగు రోజుల్లో పెరుగుతాయి. రెండో వారం చివరికి రోజుకు అర లీటరు దాటితే ఆ తల్లి పాలు నిలబడినట్టే. పిండిన పాలు గది వేడి 25 డిగ్రీలు మించకపోతే 4 గంటలు ఆగుతాయి. మన ఎండాకాలపు వార్డులో ఆ లెక్క చెల్లదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, అక్కడ 24 గంటలు. వేరే ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఐస్ డబ్బాలో పెట్టి, పైన పేరు, తేదీ, టైము రాయాలి.

పాలు తగ్గిపోవడానికి పెద్ద కారణం పిండకపోవడం, రెండోది బిడ్డ కనబడకపోవడం. ఆందోళనలో పాలు దిగడం ఆగుతుంది, బిడ్డ పక్కన కూర్చుని పిండితే ఎక్కువ వస్తాయి. "నీకు పాలు పడలేదు" అన్న మాట మాత్రం ఎవరూ అనకండి. పత్యం పేరుతో బాలింతకు నీళ్లు, కూరగాయలు, పప్పు తగ్గించడం కూడా ఆపండి. ఆమెకు రోజుకు మూడు పూటలు కడుపు నిండా తిండి, దాహమైనప్పుడల్లా నీళ్లు కావాలి.

తల్లి మనసు గురించి ఆసుపత్రులు చాలా తక్కువ అడుగుతాయి. కాన్పయిన మూడో రోజు నుంచి కారణం లేకుండా కన్నీళ్లు రావడం సహజం, రెండు వారాల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా నిద్ర పట్టకపోవడం, బిడ్డను చూడాలంటేనే భయం, "నా వల్లే ఇలా అయింది" అన్న ఆలోచన వదలకపోవడం ఉంటే అది జబ్బు, వైద్యం ఉంది. కాన్పు తర్వాతి దిగులును పసిగట్టడానికి 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో గడిచిన ఏడు రోజుల గురించి పదే ప్రశ్నలు. మార్కులు 30కి 13 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ చూడాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి. దానికి ఏ కొంచెం ఔనన్నా మొత్తం మార్కులతో పని లేకుండా అదే రోజు మాట్లాడాలి. నర్సు చదివి వినిపిస్తే పది నిమిషాలు చాలు. తండ్రినీ అడగాలి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో తల్లి రోజుల తరబడి నిద్రలేకుండా, అయోమయంగా, లేని మాటలు వినబడుతున్నాయంటూ, బిడ్డ గురించి వింత నమ్మకాలు చెబుతుంటే గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లకండి. అది ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసరం, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. 2022 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దిగులుకు మందు వాడితే పాలు మాన్పించాలని లేదు, చాలా మందుల విషయంలో అక్కర్లేదు, డాక్టర్ చూసి చెబుతారు.

ఇంట్లో మాటలు గాయం చేస్తాయి. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు" అన్నది మన ఊళ్లలో ఇంకా వినిపించే నమ్మకం. ఇది తప్పు. కడుపులో గడిపిన ప్రతి వారం బిడ్డకు బలమే, ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కన్నా గట్టిగా ఉంటుంది. జాతకం వల్ల, దిష్టి వల్ల, గ్రహణం రోజు బయటికెళ్లినందువల్ల నెలలు తక్కువ పుట్టరు. బీపీ, ఇన్ఫెక్షన్, ఉమ్మనీరు ముందే పోవడం, కవలలు కావడం వంటివి కారణాలు, కొన్నిసార్లు ఏ కారణమూ దొరకదు.

చెడ్డ కబురు చెప్పే పద్ధతి మారాలి. తండ్రినో మేనమామనో కౌంటర్ దగ్గరికి పిలిచి, నిలబెట్టి, "సీరియస్‌గా ఉంది, ఆమెకు చెప్పకండి" అనడం మామూలైపోయింది. ఆ క్షణం నుంచి భర్త ఒంటరిగా మోస్తాడు, భార్య అతని ముఖం చూసి ఇంతకన్నా పెద్దదేదో ఊహించుకుంటుంది. నిజం తెలిసిన రోజు ఆమెకు భర్త మీదా, డాక్టర్ మీదా నమ్మకం పోతుంది. రోజూ ఒకే వేళ, ఒకే డాక్టర్, ఇద్దరినీ కూర్చోబెట్టి, పది నిమిషాలు, తెలుగులో: ఊపిరి, పాలు, బరువు, ఈ రోజు చేయబోయేది. "చూద్దాం" అనడం కన్నా "రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేం, ఎల్లుండి ఇదే వేళకు చెబుతాం" అనడం మేలు. చివర్లో తల్లిదండ్రుల్ని విన్నది తమ మాటల్లో చెప్పమంటే ఏది అందలేదో తెలుస్తుంది.

ఇంటి దగ్గర మిగిలిన పెద్దపిల్లల్ని ఎవరూ పట్టించుకోరు. మూడు నుంచి ఆరేళ్ల పిల్ల "తమ్ముడు వద్దు అన్నాను కాబట్టే జబ్బు చేసింది" అని నిజంగా నమ్ముతుంది. దానికి మూడు మాటలు చెప్పాలి: నీ వల్ల కాదు, నీకు అంటుకోదు, అమ్మ వచ్చేదాకా నిన్ను ఫలానా వాళ్లు చూసుకుంటారు. తర్వాత రోజూ ఒకే టైముకు వీడియో కాల్.

ఆరేడు నెలలు దాటిన బిడ్డ గుండె ఆపరేషన్‌కో క్యాన్సర్ మందులకో చేరితే సంగతి వేరు. ఆ వయసుకు తల్లి ఎవరో తెలుసు, కానీ "సాయంత్రం వస్తుంది" అన్నది తెలియదు. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1950లలో ఆసుపత్రుల్లో పిల్లల్ని గమనించి మూడు దశలు చెప్పాడు: మొదట ఏడ్చి గోల చేయడం, తర్వాత నీరసంగా నిరాశగా పడిఉండటం, ఆ తర్వాత ఎవరొచ్చినా పట్టనట్టు ఉండటం. మూడో దశలో ఉన్న బిడ్డను చూసి "అలవాటు పడిపోయాడు, బుద్ధిగా ఉన్నాడు" అనుకుంటారు. ఇలాంటి పరిశీలనల వల్లే 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులకు సమయ పరిమితి లేకుండా ప్రవేశం ఉండాలని సిఫారసు చేసింది. మనం ఇంకా పాసులు ఇస్తున్నాం.

ఐసీయూ నుంచి బయటికొచ్చిన బిడ్డ తల్లిని చూసి ముఖం తిప్పుకుంటే మర్చిపోయాడని కుంగిపోవద్దు. అది బాధ వెలికి వచ్చే తీరు. బలవంతంగా ఎత్తుకోకుండా పక్కన కూర్చుని, రోజూ పాడే జోలపాటే పాడుతూ ఉంటే కొన్ని రోజుల్లో తనే వస్తాడు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు దొంగచాటుగా వెళ్లకూడదు. ఏడ్చినా చెప్పే వెళ్లాలి. సూది వేసేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం వద్దు. తల్లి ఒళ్లో, ఛాతీకి ఛాతీ ఆనించి కూర్చోబెట్టి, నర్సు ఒక చెయ్యి మాత్రం బయటికి తీసుకుంటే సరిపోతుంది. సూదులు మంచం మీద వేయకుండా వేరే గదిలో వేస్తే, మంచం బిడ్డకు నిశ్చింతైన చోటుగా మిగులుతుంది. నెలల తరబడి గొట్టాలు ఉన్న పిల్లలు నోటిలో ఏది పెట్టినా డోకుకుంటారు. ముక్కు మూసి, కాళ్లతో నొక్కి తినిపిస్తే అది ముదురుతుంది. చెంచా చేతికి ఇచ్చి, ఆడుకోనిచ్చి, తినకపోయినా ఇరవై నిమిషాలకు ఆపేయాలి.

ఇంటికి పంపే ముందు తల్లీ బిడ్డా ఒకటి రెండు రాత్రులు నర్సు పిలిస్తే పలికే దూరంలో ఒకే గదిలో ఉండాలి. మానిటర్ మోత లేకుండా బిడ్డ నిద్రపోవడం తల్లికి మొదట భయమే. నెలలు తక్కువ బిడ్డ ఊపిరి మధ్యలో అయిదు నుంచి పది సెకన్లు ఆగి మళ్లీ అందుకోవడం మామూలు. 20 సెకన్లు ఆగినా, నీలంగా మారినా, పాలు మానేసినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, డొక్కలు ఎగరేసినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ ఈ పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. తేనె, ఉగ్గు, ఆముదం నాలుకకు రాయకూడదు. ఇన్నాళ్లూ ఆ పనులు ప్రేమగా చేసిన అమ్మమ్మకు వద్దని చెప్పి ఊరుకోవడం కన్నా, రోజుకు రెండు గంటలు కంగారూ కట్టు ఆమెకు అప్పగించండి, ఆ వేళ బాలింత నిద్రపోతుంది. 34 వారాల లోపు లేదా 2,000 గ్రాముల లోపు పుట్టినవాళ్లకు 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి, ఆలస్యమైతే చూపు తిరిగి రాదు. పక్కింటి బిడ్డతో పోల్చి దిగులు పడే తల్లులకు సవరించిన వయసు లెక్క నేర్పాలి: రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు నాలుగో నెల వస్తే ఎదుగుదలలో రెండో నెల కిందే లెక్క, నవ్వు అప్పుడే మొదలవుతుంది.

బిడ్డ దక్కని ఇళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. చనిపోయిన బిడ్డను తల్లికి చూపించకుండా శ్మశానానికి తీసుకెళ్లడం ఆమె మేలు కోరే చేస్తారు. చూడాలా, ఎత్తుకోవాలా అన్నది ఆమెను అడగాలి, కాదంటే బలవంతం వద్దు. రెండో మూడో రోజున పాలు వచ్చి రొమ్ములు రాయిలా అవుతాయి. దీని గురించి ముందుగా చెప్పేవాళ్లే ఉండరు. గుడ్డతో బిగించి కట్టకూడదు, గడ్డలు కట్టి చీము పట్టవచ్చు. సరిగ్గా పట్టే బాడీ, చల్లటి కాపడం, నొప్పికి పారాసిటమాల్, రొమ్ముల బరువు తగ్గేంత మాత్రమే కొద్దిగా పిండి వదిలేయడం. రోజురోజుకీ పిండటం తగ్గిస్తే వారం పది రోజుల్లో ఆగిపోతాయి. జ్వరం వస్తే డాక్టర్‌కు చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో తన మహిళా ఉద్యోగులకు మృతశిశువు పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డ పోయినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. రాష్ట్రాలూ, ప్రైవేటు సంస్థలూ దీన్ని అనుసరించాలి. బిడ్డ నిలిచిన తల్లికి కూడా 26 వారాల సెలవు పైన, నెలలు తక్కువ కాన్పు వల్ల అనారోగ్యం ఉంటే ఇంకో నెల జీతంతో సెలవు చట్టంలో ఉంది, చాలామంది అడగరు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి సెలవు ఇచ్చే చట్టమే లేదు. అది లేనంతకాలం గుమ్మం తెరిచినా అతను రాలేడు.

రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను మేం అడిగేవి ఇవి. ప్రతి ఎస్‌ఎన్‌సీయూలో బిడ్డ ఉన్నన్ని రోజులూ తల్లి ఇన్‌పేషెంట్‌గా రిజిస్టర్‌లో ఉండాలి, భోజనం, మరుగుదొడ్డి, స్నానం వేడినీళ్లు ఆ లెక్కలో రావాలి. బిడ్డ పక్కన వెనక్కి వాలే కుర్చీ, వీలైతే మంచం. ఒక పాలు పిండే గది, ఒక ఫ్రిజ్. ప్రతి విభాగానికీ ఒక కౌన్సెలర్, ఆమె పని బిల్లుల గురించి మాట్లాడటం కాకూడదు. నర్సుల సంఖ్య పెరగాలి, ఒక్కో నర్సు పదిమంది బిడ్డల్ని చూస్తుంటే పైన రాసినవేవీ జరగవు, ఆ నర్సును తప్పుపట్టడమూ న్యాయం కాదు. జిల్లాలవారీగా ఎన్ని ఎస్‌ఎన్‌సీయూల్లో తల్లికి బిడ్డ పక్కన మంచం ఉందో, ఎన్నింట్లో కౌన్సెలర్ పోస్టు భర్తీ అయిందో శాఖ అధికారులు మీ పత్రిక ద్వారా వెల్లడించాలని కోరుతున్నాం.

ఇట్లు,
నవజాత శిశు విభాగాల్లో పనిచేసే కొందరు డాక్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు
హైదరాబాద్